బడి గంట మళ్ళీ మ్రోగే ముందు

దుర్ఘటన జరిగిన పాఠశాలలో పిల్లలకు, పంతుళ్ళకు ఊరట కలిగించేది ఏమిటి?

2023 జూన్ 2వ తేదీ సాయంకాలం ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషను వద్ద ఘోర ప్రమాదం జరిగింది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, యశ్వంతపూర్–హౌరా ఎక్స్‌ప్రెస్, ఆగి ఉన్న ఒక గూడ్సు బండి ప్రమాదంలో చిక్కుకొన్నాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు ఎక్స్‌ప్రెస్ బండ్లూ తెలుగు నేల మీదుగా పోయేవే కనుక, ఆ రాత్రి సరిహద్దుకు ఇటూ అటూ ఎన్నో ఇండ్లలో దీపం ఆరలేదు.

పట్టాలకు చేరువలో ఒక ఉన్నత పాఠశాల ఉన్నది. అవి వేసవి సెలవులు. ఖాళీగా ఉన్న తరగతి గదులలో మృతదేహాలను తాత్కాలికంగా ఉంచారు. ఆ బడి పై తరగతుల విద్యార్థులు, ఎన్.సి.సి. పిల్లలు కొందరు సహాయక కార్యక్రమాలలో పాల్గొన్నారు. తరువాత దేహాలను తరలించారు, గదులను శుభ్రపరిచారు. కాని బడి తెరిచే వేళ దగ్గరపడేకొద్దీ, ఆ గదులలోకి అడుగుపెట్టలేమని పిల్లలు అన్నారు. తల్లిదండ్రులూ వెనుకాడారు. భయాన్ని, మూఢనమ్మకాన్ని వ్యాపింపజేయవద్దని అధికారులు మొదట కోరారు. పిల్లల బెదురు తీరడానికి పూజాదికాలు జరిపిస్తామని పాఠశాల వారు చెప్పారు. చివరకు పాఠశాల నిర్వహణ కమిటీ కోరిక మేరకు జూన్ 9వ తేదీన పాత కట్టడాన్ని కూల్చడం మొదలుపెట్టారు.

ఆ నిర్ణయం సబబా కాదా అని పలువురు పలు విధాలుగా వాదించారు. అయితే ప్రతి ఊరి బడికీ కొత్త కట్టడం దొరకదు. ప్రమాదంలో ఒక విద్యార్థి మరణించినా, బడి ఆటో బోల్తాపడినా, చెరువులో ఇద్దరు పిల్లలు మునిగిపోయినా, మిగిలిన పిల్లలు అదే గదిలో, అదే బల్ల మీద, అదే నల్లబల్ల ఎదుట కూర్చోవలసి ఉంటుంది. గోడలు మార్చలేనప్పుడు మనసుకు ఊరట ఎక్కడినుండి వస్తుంది? బెదిరిన బిడ్డకు ముఖ్యంగా మూడు కావాలి: తెలిసిన మనిషి, తెలిసిన భాష, తెలిసిన దినచర్య. ఈ మూడింటినీ అందించవలసిన పెద్దలకు సైతం ఆసరా కావాలి. ఈ వ్యాసంలోని విషయమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మనసుకు తగిలిన దెబ్బ ఎలా బయటపడుతుంది?

కాలు విరిగితే అందరికీ కనబడుతుంది. మనసు బెదిరితే అది వేరే రూపాలలో బయటపడుతుంది. అయిదారేండ్ల పసివాడు మానేసిన అలవాట్లకు తిరిగిపోతాడు. పక్క తడుపుతాడు, తల్లి కొంగు వదలడు, దీపం ఆర్పనివ్వడు. చూసినదాన్నే ఆటగా మార్చి పదే పదే ఆడతాడు. రైలు ప్రమాదాన్ని చూసినవాడు అగ్గిపెట్టెలను వరుసగా పేర్చి ఢీకొట్టిస్తాడు. అది మొండితనం కాదు. మాటలు చాలని వయసులో బిడ్డ తన అనుభవాన్ని జీర్ణించుకొనే తీరు అది.

ఏడు నుండి పన్నెండు ఏండ్ల పిల్లలలో బాధ తరచుగా శరీరం ద్వారా పలుకుతుంది. ఉదయం బడి వేళకు కడుపునొప్పి, తలనొప్పి, వాంతి వస్తాయి. చదువు మీద ధ్యాస నిలువదు. నిన్నటి వరకు పన్నెండో ఎక్కం గడగడ చెప్పినవాడు ఈ రోజు అయిదో ఎక్కం దగ్గర ఆగిపోతాడు. పదమూడు దాటినవారు మౌనం వహిస్తారు లేదా చిన్న మాటకే విరుచుకుపడతారు. “నేను పిలవకపోతే వాడు చెరువుకు వచ్చేవాడు కాదు” అన్న అపరాధభావం ఈ వయసువారిని లోలోపల తొలిచివేస్తుంది.

పెద్ద చప్పుడు, పొగ వాసన, సైరను మోత వంటివి ఆ దృశ్యాన్ని క్షణంలో మళ్ళీ కళ్ళముందు నిలబెడతాయి. బుద్ధి ఆలోచించేలోపే గుండె దడదడలాడుతుంది, చేతులు చెమర్చుతాయి. అపాయం గడిచినా శరీరం కావలి కాయడం మానదు. “ధైర్యం లేదా నీకు?” అని గద్దిస్తే బిడ్డకు భయంతోబాటు సిగ్గు కూడా తోడవుతుంది.

పల్లెలలో ఇట్టి పిల్లవాణ్ణి “దడుచుకొన్నాడు” అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు, దర్గాకు తీసుకొనిపోయి మంత్రం వేయిస్తారు. చదువుకొన్నవారు దీన్ని ఎగతాళి చేయనక్కరలేదు. ఆ వేళ తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ అందరూ బిడ్డ చుట్టూ చేరతారు, ఒళ్ళు నిమురుతారు, “ఇక నీకేమీ కాదు” అంటారు. ఆ దగ్గరితనంలో మేలు ఉన్నది. తాయెత్తు కట్టాము గదా అని వైద్యాన్ని మాత్రం మానకూడదు. కొట్టడం, పొగపెట్టడం, ఆకలితో ఉంచడం వంటివి ఎవరు చెప్పినా చేయకూడదు.

మొదటి దినాలలో

దుర్ఘటన జరిగిన వెంటనే చేయవలసిన సహాయాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శినిలో మూడు మాటలలో ఇమిడ్చింది: చూడడం, వినడం, జతపరచడం. మొదట చుట్టూ చూడాలి. ఎవరికి గాయమైంది, ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరు వణుకుతున్నారు అని గమనించాలి. తరువాత వినాలి. చివరకు కావలసినవారితో, అనగా తల్లిదండ్రులతో, వైద్యునితో, తిండితో, నీటితో, సరైన సమాచారంతో ఆ బిడ్డను కలపాలి. దీనికి పెద్ద పట్టాలు అక్కరలేదు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, బడి ఆయా, పొరుగింటి పెద్దమ్మ ఎవరైనా చేయవచ్చు.

వినడానికి, వెలికితీయడానికి మధ్య చాలా తేడా ఉన్నది. పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి “ఏమి చూశావో పూర్తిగా చెప్పు” అని గుచ్చి గుచ్చి అడగడం మేలు చేయదు. ఇటువంటి బలవంతపు వివరణల పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. చెప్పదలచినవాడు చెప్పుకొంటాడు. చెప్పనివాడి పక్కన ఊరక కూర్చోవాలి. కాగితం, రంగులు ఇస్తే కొందరు బొమ్మ వేస్తారు. ఆ బొమ్మకు మార్కులు వేయరాదు, గోడకు అతికించి వచ్చినవారికి చూపరాదు.

టి.వి.లో, చరవాణిలో అదే దృశ్యం నూరుసార్లు తిరుగుతుంది. చిన్నపిల్లలు దాన్ని చూసినప్పుడు సంఘటన మళ్ళీ మళ్ళీ జరుగుతున్నదనుకొంటారు. ఇంట్లో ఆ వార్తలను ఆపివేయడం తల్లిదండ్రులు చేయగల మొదటి చికిత్స. విలేకరులు బడి వాకిట నిలిచినప్పుడు పిల్లలను వారి ముందుకు నెట్టకుండా కాపాడడం ప్రధానోపాధ్యాయుల బాధ్యత.

నిజాన్ని చిన్న మాటలలో చెప్పడం

చనిపోయిన స్నేహితుని గూర్చి “ఊరికి వెళ్ళాడు”, “నిద్రపోతున్నాడు” అని చెప్పడం పెద్దలకు సులువు. ఆ మాట విన్న బిడ్డ రేపు తండ్రి ఊరికి బయలుదేరినా భయపడతాడు, తాను నిద్రపోవడానికీ భయపడతాడు. “వాడు ప్రమాదంలో చనిపోయాడు. ఇక తిరిగి రాడు. మనకందరికీ చాలా బాధగా ఉన్నది. ఇందులో నీ తప్పేమీ లేదు.” ఈ నాలుగు వాక్యాలు చాలు. ప్రశ్న మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు చెప్పాలి. తెలియని సంగతి అడిగితే తెలియదనే చెప్పాలి. పెద్దలు ఒకరొక మాట, మరొకరొక మాట చెప్పడంకంటె పిల్లలను కలవరపెట్టేది వేరొకటి లేదు. కాబట్టి ఏమి చెప్పాలో ఉపాధ్యాయులందరూ ముందుగా కూడి నిర్ణయించుకోవాలి.

ఒక విద్యార్థి తన ప్రాణం తానే తీసుకొన్న సందర్భంలో మరింత జాగ్రత్త అవసరం. ఎలా జరిగిందన్న వివరాలు చర్చించకూడదు. చనిపోయినవానిని నిందించకూడదు, వీరునిగా పొగడనూకూడదు. అతని దగ్గరి స్నేహితుల మీద ప్రత్యేకంగా కన్ను వేసి ఉంచాలి.

బడి తెరిచే రోజు

ఎన్ని రోజులు బడి మూసి ఉంచాలన్నది ప్రతిచోటా వచ్చే ప్రశ్న. అంత్యక్రియలకు, స్థలం చక్కబరచడానికి కావలసినంత వ్యవధి ఇచ్చి, ఆపై తెరవడమే మేలు. ప్రార్థన, హాజరు, మధ్యాహ్న భోజనం, ఆటల గంట అనే క్రమం బిడ్డకు “లోకం ఇంకా నిలిచే ఉన్నది” అని చెబుతుంది. కాని మొదటి వారంలోనే పరీక్షలు పెట్టి, వెనుకబడిన పాఠాలు తరిమి తరిమి చెప్పడం తగదు. మొదటి దినాలలో పాఠం తక్కువ, పాట, ఆట, కథ ఎక్కువగా ఉండాలి.

అన్నింటికంటె బరువైన క్షణం హాజరు పిలిచే వేళ వస్తుంది. పట్టీలో ఆ పేరు ఇంకా ఉంటుంది. అలవాటుకొద్దీ పంతులు ఆ పేరు పిలిచి, జవాబు రాక, తల ఎత్తి చూస్తే గది యావత్తూ స్తంభించిపోతుంది. కనుక మొదటి రోజు హాజరు తీయకముందే పిల్లలకు చెప్పాలి: “మన రిజిస్టరులో వాడి పేరు ఉన్నది. ఈ రోజు ఆ పేరు దగ్గర మనమందరం ఒక్క నిమిషం మౌనంగా ఉందాము. రేపటినుండి ఆ పేరు పిలవను.” ఖాళీ అయిన చోటును రాత్రికి రాత్రే తీసివేయడం, లేదా నెలల తరబడి దండ వేసి ఉంచడం, రెండూ బాధనే పెంచుతాయి. కొద్ది రోజులు అలాగే ఉంచి, పిదప తరగతి పిల్లలనే అడిగి వరుసలు మార్చుకోవాలి. పెరట్లో ఒక మొక్క నాటి నీరు పోయడం చాలామంది పిల్లలకు చేతులకు పని, మనసుకు ఊరట.

బడికి రాలేనన్న బిడ్డను ఈడ్చుకొని రాకూడదు, నెల రోజులు ఇంట కూర్చోబెట్టనూకూడదు. మొదటి రోజు తల్లితో గేటు వరకు, రెండవ రోజు వరండా వరకు, మూడవ రోజు ఒక గంట తరగతిలో. ఇలా మెట్టుమెట్టుగా వస్తే భయం తనంతట తాను సడలుతుంది. బహనాగా పిల్లల మాటలోనూ ఈ అర్థమే ఉన్నది. ఆ గదులను చూసి జంకడం లోకసహజం. దాన్ని మూఢత్వమని కొట్టివేస్తే పిల్లలు నోరు మూసుకొంటారే గాని భయం పోదు. వారి మాట విన్న తరువాత ఏ నిర్ణయం తీసుకొన్నా, అందులో వారికీ పాలు ఉన్నదన్న భావం మిగులుతుంది.

ఇంటి భాషలోనే ఏడుపు

సరిహద్దు పల్లెలలో ఈ సమస్యకు మరొక ముడి ఉన్నది. పర్లాకిమిడి, రాయగడలలో బిడ్డ ఒడియాలో పాఠం చదువుతాడు. బళ్ళారి, పావగడలలో కన్నడంలో, హోసూరులో తమిళంలో, సిరొంచలో మరాఠీలో చదువుతాడు. ఇంటికి వస్తే తెలుగు. బడి భాషలో వాడు లెక్కలు చేయగలడు, వ్యాసం వ్రాయగలడు. కాని కల వచ్చి ఉలిక్కిపడి లేచినప్పుడు “అమ్మా” అని తెలుగులోనే అంటాడు. గుండె గుబగుబలాడుతోందనీ, కడుపులో దేవుతోందనీ, ఒళ్ళు జలదరిస్తోందనీ చెప్పడానికి వాడికి వేరే భాషలో మాటలు ఉండవు.

జిల్లా కేంద్రం నుండి వచ్చిన సలహాదారు బడి భాషలో “ఎలా ఉన్నావు?” అని అడిగితే “బాగున్నాను” అని జవాబు వస్తుంది. కాగితం మీద ఆ బిడ్డ బాగున్నట్లే లెక్క. ఇటువంటి బడులలో రెండు భాషలూ ఎరిగిన ఒక పెద్ద మనిషిని సలహాదారు పక్కన కూర్చోబెట్టాలి. ఉపాధ్యాయుడైనా, వంట మనిషైనా, పూర్వ విద్యార్థియైనా సరే, బిడ్డకు నమ్మకమున్నవారు కావాలి. తోటి విద్యార్థిని గాని, అక్కను గాని, అన్నను గాని దుబాసీగా వాడకూడదు. ఒకరి దుఃఖాన్ని మరొక పసి మనసు మీదుగా దాటించడం ఇద్దరికీ కీడే.

మరొక సంగతి. కర్మకాండలకు కుటుంబాలు సరిహద్దు దాటి స్వగ్రామాలకు పోతాయి. పదకొండో రోజు, పెద్దకర్మ ముగిసేసరికి బిడ్డ రెండు మూడు వారాలు బడికి దూరమవుతాడు. తిరిగివచ్చేసరికి తరగతిలో అందరూ దుఃఖం దిగమింగుకొని ముందుకు సాగి ఉంటారు. వాడొక్కడే మొదటి రోజున నిలిచి ఉంటాడు. సెలవులో ఉండగానే ఒకసారి పంతులు ఫోను చేసి “నీ కోసం ఎదురుచూస్తున్నాము” అంటే ఆ దూరం చాలావరకు తగ్గుతుంది.

పంతుళ్ళ దుఃఖం

దుర్ఘటన అనంతరం అందరూ పిల్లల గూర్చి అడుగుతారు. రక్తపు మడుగులోనుండి బిడ్డను ఎత్తిన ఉపాధ్యాయుని, ఆ రోజు వంట చేసిన ఆయమ్మను, వాహనం నడిపిన డ్రైవరును, గేటు తీసిన కావలివాణ్ణి అడిగేవారు అరుదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటశాలలో నిప్పు అంటుకొని, తాటాకుల వంటి ఎండిన కప్పు కాలి, 94 మంది పిల్లలు మరణించారు. అటువంటి ఘటనలో బాధ్యులెవరో తేల్చడానికి విచారణ సంఘాలు, న్యాయస్థానాలు ఉన్నాయి. తప్పు చేసినవారు శిక్ష అనుభవించవలసిందే. కాని ఊరంతా కోపంతో, ఏ తప్పూ చేయని సిబ్బంది మీద కూడా విరుచుకుపడితే, మిగిలిన పిల్లలను ఓదార్చవలసిన చేతులే చచ్చుబడిపోతాయి.

పంతులు పిల్లల ముందు కంటతడి పెట్టడం దోషం కాదు. “నాకూ బాధగా ఉన్నది” అన్న పంతులు, బాధపడడం తప్పు కాదని పిల్లలకు నేర్పుతాడు. అయితే పూర్తిగా కూలిపోయిన స్థితిలో తరగతికి పోకూడదు. ఆ రోజు వేరొకరు ఆ తరగతిని తీసుకోవాలి. సాయంత్రం బడి వదిలాక సిబ్బంది అరగంట కూడి, టీ తాగుతూ, ఆ రోజు ఎలా గడిచిందో చెప్పుకొంటే చాలు. నిద్ర పట్టకపోవడం, ఊరక కోపం రావడం, మద్యం వైపు చేయి సాగడం కనబడితే సహోద్యోగులే ముందు గమనించగలరు. “చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది” అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చెప్పుకోవడంలో మానం పోయేదేమీ లేదని ప్రధానోపాధ్యాయులే ముందు చూపాలి.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

చాలామంది పిల్లలు కొద్ది వారాలలో, అయినవారి ఆదరణతోనే తేరుకొంటారు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, బడి అంటే వణుకు, తిండి సహించకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి. “నేనూ చచ్చిపోతే బాగుండును” అన్న మాట వినబడినా, తనను తాను గాయపరచుకొన్నా ఒక్క రోజు కూడా ఆగరాదు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకొనిపోవాలి.

మనోవైద్యం అనగానే పెద్ద నగరం, పెద్ద ఖర్చు గుర్తుకు వస్తాయి. జిల్లా స్థాయిలోనే ఈ వైద్యం అందాలన్న ఆలోచనకు తెలుగువారు అధికంగా నివసించే ఒక సరిహద్దు జిల్లాయే ప్రయోగశాల అయింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 1980లలో బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణనిచ్చి పల్లెలకు మనోవైద్యం చేర్చింది. ఆ బళ్ళారి నమూనాయే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పునాది. నేడు జిల్లా ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఎక్కడున్నదో అడగడం ప్రతి కుటుంబానికీ ఉన్న హక్కు.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీమానస్ సేవను ప్రారంభించింది. 14416 సంఖ్యకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. పిలిచినవారు తమకు కావలసిన భాషను ఎంచుకొనవచ్చు, ఆ భాషలలో తెలుగు ఉన్నది. ఏ రాష్ట్రంలో ఉన్నా, బడి భాష ఏదైనా, ఇంటి భాషలో బాధ చెప్పుకొనే వీలు ఇది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 సంఖ్య ఉండనే ఉన్నది. ఈ రెండు సంఖ్యలనూ బడి గోడ మీద రెండు భాషలలోనూ వ్రాయించడానికి డబ్బా రంగు, ఒక కుంచె చాలు.

ఏడాది తిరిగి వచ్చేసరికి

గాయం మానిందనుకొన్న వేళ, అదే తేదీ మళ్ళీ వస్తుంది. ఆ వారంలో పిల్లలు కారణం తెలియకుండానే చికాకుపడతారు. నిద్ర చెడుతుంది. కుంభకోణంలో ప్రతి జూలై 16న తల్లిదండ్రులు తమ బిడ్డల పటాల ముందు పూలు ఉంచి, దీపాలు వెలిగిస్తారు. ఆ తేదీని దాచిపెట్టడంకంటె, నిరాడంబరంగా, కలిసి తలచుకోవడం మేలు. ఉపన్యాసాలు వద్దు. ఒక పాట, ఒక నిమిషం మౌనం, నాటిన మొక్కకు అందరూ తలా ఒక చెంబు నీరు. ఆ పైన బడి ఎప్పటివలెనే సాగాలి.

ఆ రోజు బడిలో మరొక పని కూడా జరగాలి. వంటగది గ్యాసు గొట్టం, మెట్ల దారి, వాహనం బ్రేకులు, చెరువు గట్టు కంచె, వీటిని పెద్దలు పిల్లల ఎదుటనే పరీక్షించాలి. “ఇక నీకేమీ కాదు” అని అమ్మమ్మ చెప్పిన మాటను నిలబెట్టవలసినది బడి, ఊరు. ఆ మాట నిజమని పిల్లవాడికి కంటితో చూపినప్పుడు, మ్రోగే గంటను విని వాడు తనంతట తానే సంచి భుజాన వేసుకొంటాడు.